మోటరు ఆగిన రాత్రి

ఒట్లు పెట్టొద్దంటారు మా పాస్టరు గారు. అయినా ఇవాళ పెడుతున్నాను. మంచంలో ఉన్న మా అత్తమ్మ మీద ఒట్టు... ఇప్పుడు చెప్పేది నాకు జరిగింది. ఎవరో చెప్తే విన్నది కాదు. ఈ చెవులతోనే విన్నాను. ఈ చేతులతోనే తాడు పట్టుకున్నాను.

నవ్వేవాళ్లు నవ్వండి. నాకేం కోపం రాదు. కానీ మధ్యలో ఎవరూ లేచి వెళ్లకండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

మా ఇల్లు మీలో కొందరు చూశారు. చూడనివాళ్ల కోసం చెబుతాను. రామగిరి దాటి లోపలికి వస్తే, ఓపెన్ కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్టల నీడలో ఉంటుంది మా ఊరు. ఊరంటే సగం ఊరే. మిగతా సగం పునరావాస కాలనీకి వెళ్లిపోయింది. పొద్దుగూకితే మా వాడలో దీపం వెలిగేది రెండు ఇళ్లలోనే. ఒకటి మాది. ఇంకొకటి పెరటి వెనక ఉండే మల్లయ్య కాకది. కాక బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనా, లచ్చవ్వా ఇద్దరే ఉంటారు. మిగతావన్నీ తలుపులు పీక్కుపోయిన ఇళ్లు. రాత్రి గాలి వీస్తే ఆ ఇళ్లు ఈల వేస్తాయి. అలవాటైపోయింది. దానికి నేనెప్పుడూ భయపడలేదు.

మా ఆయన పేరు దాసు. అండర్‌గ్రౌండులో పని. మాట తక్కువ. డ్యూటీకి పోతాడు, వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. చెడ్డవాడు కాదు. రోజంతా చీకట్లో పనిచేసే మనిషికి ఇంటికొచ్చాక మాటలు మిగలవేమో అనుకునేదాన్ని.

అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా పోయింది. ఎడమ చేయి ఒక్కటే ఆడుతుంది. ఆ చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. ఏం కావాలన్నా ఆ గ్లాసుతో మంచం పట్టె మీద కొడుతుంది. ఇనుప మంచం. టంగ్... టంగ్... ఆ చప్పుడు వీధి చివరికి కూడా వినిపిస్తుంది.

ఇక బావి. పెరట్లో ఉంటుంది. మా మామ గారి నాయన తవ్వించిందట. చాలా లోతు. రాతి కట్టు, గోడకు దిగగొట్టిన ఇనుప కడ్డీల మెట్లు. నీళ్లు బాగా కిందికి పోవడంతో మోటరును పైన పెడితే అందుకోవడం లేదని, మా ఆయన బావి నడుమ రెండు ఇనుప గర్డర్లు అడ్డంగా వేసి, వాటి మీద మోటరు కూర్చోబెట్టాడు. అంటే మోటరుకు ఏమైనా అయితే బావిలోకి సగం దాకా దిగాల్సిందే.

మీకు తెలుసు కదా, మా దగ్గర నీళ్ల బావినీ బాయే అంటారు, బొగ్గు గనినీ బాయే అంటారు. మా ఆయన పగలు ఒక బాయిలో దిగేవాడు, అవసరమైతే రాత్రి ఇంకో బాయిలో దిగేవాడు. అంతే అనుకునేదాన్ని.

ఆ రోజు...

ఎండాకాలం. మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి ఉంది. వాన లేదు, గాలి లేదు. ఒంటికి అతుక్కుపోయే ఉక్క. అత్తమ్మకు పొద్దున్నుంచి కడుపు పాడైంది. బట్టలు మార్చి మార్చి, తుడిచి తుడిచి, డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. ట్యాంకరు రాలేదు. పెరట్లో విప్పిన గుడ్డల కుప్ప వాసన కొడుతోంది. తాగడానికి పెట్టుకున్న ఒక్క బిందె మిగిలింది.

పొద్దుగూకాక స్టార్టరు నొక్కాను.

మ్మ్మ్మ్...

మూలిగింది. తిరగలేదు. ఇంకోసారి నొక్కాను. మళ్లీ అదే మూలుగు. కాలిన వాసన వచ్చేసరికి ఆపేశాను. మొదటి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మా ఆయనను లేపాను.

"మోటరు మూలుగుతంది. తిరుగుతలేదు."

"ఫీజు చూసినవా?"

"చూసిన. మంచిగనే ఉన్నది. టెస్టరు పెడ్తే లైటు గూడ వస్తంది."

"అయితే కండెన్సరన్న పోయుంటది, లేకపోతే జామన్న అయుంటది." కళ్లు నులుముకుంటూ లేచాడు. "అవ్వకు ఎట్లున్నది?"

"ఎట్లుంటది. నీళ్లు లేక గట్లనే పండవెట్టిన."

అత్తమ్మ వైపు చూసి, సామాన్ల డబ్బా తీసుకున్నాడు.

బావి గట్టు మీదికి వైరు లాగి ఒక బల్బు వేలాడదీశాడు. తర్వాత దీపం వెలిగించి, బకెట్టులో పెట్టి, తాడుతో మెల్లగా కిందికి దించాడు. ఎప్పుడు దిగినా అలాగే చేస్తాడు. లోపల గాలి చెడిపోయి ఉంటే దీపం ఆరిపోతుంది, మనిషి దిగకూడదు అని లెక్క. దీపం గర్డర్లు దాటింది. నీళ్ల దాకా పోయింది. నిలకడగా వెలుగుతూనే ఉంది.

"మంచిగనే ఉన్నది," అని పైకి లాగాడు.

ఫీజు పీకి నా చేతిలో పెట్టాడు. "కొంగున కట్టుకో. నేను పైకి రాంది ఎవలు చెప్పినా పెట్టకు."

కట్టుకున్నాను.

టార్చి నడుముకు చెక్కుకుని కడ్డీలు పట్టుకుని దిగాడు. కింద స్క్రూడ్రైవరుతో మోటరు వెనక ఫ్యాను తిప్పుతున్న చప్పుడు. కొంచెంసేపు ముక్కాడు. తర్వాత గిర్రుమని తిరిగింది. "వదిలింది!" అని అరిచాడు. పైకొచ్చాడు. ఫీజు పెట్టాం. మోటరు తిరిగింది. అమ్మయ్య అనుకున్నాను. కానీ పైపులో నీళ్లు రాలేదు. ఉత్త గాలి. ఖాళీ డబ్బాలో రాళ్లు కదిలినట్టు ఎండు చప్పుడు.

"ఎయిర్ పట్టింది," అన్నాడు. "నీళ్లు పొయ్యాలె."

మోటరుకు నీళ్లు పోస్తేనే నీళ్లు వస్తాయి. ఇంట్లో ఉన్నది తాగే నీళ్ల బిందె ఒక్కటే. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేనే వెళ్లి తెచ్చాను. ఫీజు మళ్లీ నా కొంగులోకి వచ్చింది. ఆయన మళ్లీ దిగాడు. బిందెను తాడుకు కట్టి దించాను. ఆయన మోటరులో పోశాడు.

గుడగుడ... గుడగుడ... అంటూ దిగిపోయాయి. ఎంత పోసినా నిలవలేదు. బిందె ఖాళీ అయింది.

"పైపు అడుగున ఫుట్‌వాల్వు ముయ్యవడ్తలేదు," కింద నుంచి అరిచాడు. "ఏదో అడ్డం పడ్డది. పైపు విప్పి పైకి గుంజాలె." కాసేపు పానాతో తంటాలు పడ్డాడు. "ఈ పానాతోని అయితలేదు..."

ఖాళీ బిందె పైకి లాగి, సామాన్ల బకెట్టు తాడుకు కట్టి దించాను. అది గర్డరు మీద ఆగింది.

అప్పుడే ఇంట్లోంచి గ్లాసు చప్పుడు.

టంగ్... టంగ్... టంగ్...

"పో, చూసి రా," అన్నాడు.

వెళ్లాను.

అత్తమ్మ పక్క తడవలేదు. గుడ్డ పొడిగానే ఉంది. దాహమేమో అనుకున్నాను. ఇవ్వడానికి చుక్క నీరు లేదు. డ్రమ్ము అడుగు తడికి అద్దిన గుడ్డ పెదాల మీద పెట్టాను. తల పక్కకు తిప్పేసుకుంది. గ్లాసు కొడుతూనే ఉంది. టంగ్ టంగ్ టంగ్... ఆగకుండా. ఎప్పుడూ అలా కొట్టదు. కళ్లు నా మీద లేవు. పెరటి తలుపు మీద ఉన్నాయి.

"ఏంది అత్తమ్మా? ఏం కావాలె?"

గ్లాసు వదిలేసి నా మణికట్టు పట్టుకుంది. ఆ ఒక్క చేతిలో అంత బలం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నొప్పెట్టింది. ఒక్కో వేలు విడిపించుకోవాల్సి వచ్చింది. "నీ కొడుకు బాయిల ఉన్నడు, ఒక్కడే. నేను పోవాలె," అన్నాను. ఆమె మళ్లీ గ్లాసు అందుకుని కొట్టడం మొదలుపెట్టింది.

ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఎక్కువేం కాదు.

బయటికి వచ్చాను. బల్బు అలాగే వెలుగుతోంది. గట్టు మీద నుంచి తొంగి చూస్తే కింద గర్డరు మీద టార్చి వెలుగు. దాని కింద నీళ్లు నల్లగా, కదలకుండా. గర్డర్ల నీడలో మనిషి కనబడడు, ఎప్పుడూ అంతే. తాడు గిరక మీంచి వేలాడుతోంది. చివరి కొన గట్టు మీద చుట్టలా పడి ఉంది.

గట్టు మీద కూర్చున్నాను.

"వచ్చినవా?"

కింద నుంచి. మా ఆయన గొంతు. కొంచెం బొంగురుగా ఉంది. బావిలో ఎవరి గొంతైనా అలాగే ఉంటుంది.

"వచ్చిన."

"అవ్వ పండుకున్నదా?"

"ఎక్కడిది. గ్లాసు కొడ్తనే ఉన్నది. వినవడ్తలేదా?"

 ఎక్కడో రాతి సందులోంచి నీటి చుక్క పడుతోంది. టప్... చాలాసేపటికి మళ్లీ... టప్...

"నువ్వు తిన్నవా?"

నాకు... ఎలా చెప్పను... పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడిగింది నాకు గుర్తులేదు. అన్నం పెట్టమంటాడు. తింటాడు. నేను తిన్నానా లేదా అన్నది ఆయన తలలోకి రాదు. అలాంటిది, బావిలో పడి కష్టపడుతూ అడుగుతున్నాడు. పొద్దున్నుంచి ఒక్కదాన్నే చేసిన చాకిరీ అంతా ఆ ఒక్క మాటకు దిగిపోయినట్టు అనిపించింది.

"ఇంకెక్కడి తినుడు," అన్నాను. "నువ్వు పైకొస్తే ఇద్దరం కల్సి తిందాం."

కింద నవ్వినట్టు వినిపించింది. నవ్వో, నీళ్ల చప్పుడో.

"తాడు వదులు."

వదిలాను. గిరక కీచుమంది.

"ఇంక."

వదిలాను.

"ఇంక."

వదులుతూనే ఉన్నాను. అరచేతుల్లోంచి కొబ్బరి పీచు తాడు జరజరా జారుతోంది. పైపు కిందికి దించుకుంటున్నాడేమో, దానికి కడుతున్నాడేమో అనుకున్నాను. ఇంక... ఇంక... అంటూనే ఉన్నాడు. అలసట లేని గొంతు. తొందర లేని గొంతు. చంటిపిల్లకు బువ్వ తినిపిస్తూ అన్నట్టు... ఇంక... ఇంక...

తాడు చివరి ముడి నా చేతికి తగిలింది.

అప్పుడు ఒక్కసారి ఆగాను. ఎందుకంటే ఆ తాడు నాకు తెలుసు. కరెంటు పోయినప్పుడల్లా నేనే చేదుతాను. ఎంత ఎండాకాలమైనా, బకెట్టు నీళ్లలో మునిగాక కూడా గట్టు మీద కొన్ని చుట్లు మిగులుతాయి. ఇప్పుడు ఒక్క చుట్టు లేదు. మొత్తం లోపలికి పోయింది. పోయి... బిగుసుకుని ఉంది. అవతలి కొసన బకెట్టు బరువు కాదు అది. మనిషి పట్టుకుని వెనక్కి వాలినట్టు ఉంది.

"అయిపోయింది," అన్నాను. "ఇంక తాడు లేదు."

"అయితే లైటు బందు చెయ్."

"లైటెందుకు? నీకు కనవడద్దా?"

"కండ్లల్ల కొడ్తంది." తర్వాత చాలా మెల్లగా... "బందు చెయ్, సుగుణా."

నా పేరు సుగుణ. మా ఆయన నన్ను ఆ పేరుతో పిలవడు. "ఏమే" అంటాడు.

నాకు అనుమానం వచ్చిందా అంటే... రాలేదు. నిజం చెబుతున్నాను, రాలేదు. ఆ గొంతు అంత ముద్దుగా ఉంది. తాడు కొనను గిరక స్తంభానికి చుట్టి ముడేశాను. లేచాను. స్విచ్చు పెరటి గోడకు ఉంది. అటు నడిచాను.

నడుస్తుంటే ఒక్కటి తెలిసింది. గ్లాసు చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. చెవులు దిబ్బెడ వేసినంత నిశ్శబ్దం. ఖాళీ ఇళ్ల ఈల కూడా లేదు.

స్విచ్చు మీద వేలు పెట్టాను.

కిర్ర్ర్...

వెనక రేకు గేటు తెరుచుకుంది.

"ఏమే, బాయి కాడ కూసోక గీడ నిలవడ్డవేంది?"

తిరిగి చూశాను.

మా ఆయన. గేట్లో. చేతిలో మల్లయ్య కాక వాళ్ల పెద్ద పైపు పానా. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

నా వేలు స్విచ్చు మీదే ఉండిపోయింది. తీయలేకపోయాను. నొక్కలేకపోయాను.

"ఏమైంది? అవ్వకు ఏమన్నైందా?"

  బావి వైపు చేయి చూపించాను.

తాడు బిగుసుకునే ఉంది. వణుకుతోంది... వీణ తీగ మీటాక వణికినట్టు, సన్నగా. మేం చూస్తుండగానే గిరక కీచ్‌మని కొంచెం తిరిగింది. ఆగింది. మళ్లీ కొంచెం.

మా ఆయన మొదట నా వైపు చూశాడు. తర్వాత బావి వైపు. ఎవరో దిగారనుకున్నాడు. నాలుగు అడుగులు వేసి, గట్టు దాకా పోకుండానే, డ్యూటీలో అరిచినట్టు గట్టిగా అరిచాడు.

"ఎవలది లోపట?"

టప్... నీటి చుక్క.

తర్వాత...

"ఆఁ..."

అది నా గొంతు.

వంటింట్లో ఉన్నప్పుడు ఆయన పిలిస్తే నేను పలికే పలుకు. అదే సాగదీత. అదే విసుగు. అచ్చం నేనే. నా నోరు మూసుకుని ఉంది. అరచెయ్యి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుని ఉన్నాను.

మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. భయపడి చూసింది కాదు. నిలబడ్డది నేనో కాదో పోల్చుకుంటున్నట్టు చూశాడు. కట్టుకున్నవాడు అలా చూస్తే ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియకూడదు.

పానా చేతిలోంచి జారి కిందపడింది. ఆ చప్పుడుకు తాడు ఒక్కసారిగా వదులైపోయింది.

నా రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయాడు. తలుపు గడియ పెట్టాడు. అత్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. గ్లాసు నేల మీద పడి ఉంది.  ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. మామూలుగా నిద్రపోతోంది. మొహం చెమటతో తడిసిపోయి ఉంది, పెద్ద పని చేసి పడుకున్నదానిలా.

ఆయన ఫోను చేసి మల్లయ్య కాకను పిలిచాడు. కాక వీధి వైపు నుంచి వచ్చాడు, లచ్చవ్వను వెంటబెట్టుకుని. ఆయన చేతిలో బ్యాటరీ లైటు, ఆమె చంకలో నీళ్ల బిందె. జరిగింది సగం సగం చెప్పాం. కాక నవ్వలేదు. "ముందుగాల గాలి చూద్దాం," అన్నాడు.

అందరం పెరట్లోకి వచ్చాం. తాడు వదులుగా వేలాడుతోంది. కాకా మా ఆయనా కలిసి లాగారు. లాగారు... లాగారు... చివరికి బకెట్టు వచ్చింది. సామాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. బకెట్టు పొడిగా ఉంది. తాడు మొదటి నుంచి చివరి దాకా పొడిగా ఉంది. కాక దాన్ని వేళ్ల మధ్య పెట్టి రెండుసార్లు తడిమి చూశాడు.

"మొత్తం వదిలినవా బిడ్డ?"

"మొత్తం వదిలిన కాకా. ముడి దాకా."

"నీళ్లల్ల మునగాలె గదా మరి..." అన్నాడు.

దీపం వెలిగించి బకెట్టులో దించారు. సగం దాకా వెలిగింది. గర్డర్లు రెండు బెత్తెలు దాటిందో లేదో... పుసుక్కున ఆరిపోయింది. ఎవరో ఊదినట్టు. మళ్లీ వెలిగించి దించారు. మళ్లీ అక్కడే ఆరిపోయింది.

కాక మొహం మారిపోయింది. "మబ్బు పట్టి ఉక్క పోస్తే పాత బాయిల గాలి గిట్లనే లేస్తది. వాసనుండది, ఏం ఉండది. మనిషి నిద్ర వచ్చినట్టు కూలవడ్తడు." మా ఆయన వైపు తిరిగాడు. "నువ్వు ఎప్పుడొచ్చినవ్‌ర పైకి?"

"గిది పిల్వంగనే వచ్చిన."

"నేనెప్పుడు పిలిచిన?" అన్నాను.

"ఏంది ఎప్పుడు పిలిచిన? 'ఆ పానాతోని కాదు, జల్ది పైకి రా, కాక కాడ పెద్దది తెచ్చుకో' అని గట్టు మీదికెళ్లి అరిచినవు గదా. రెండుసార్లు అరిచినవు. నువ్వు తిడ్తున్నవనే టార్చి గూడ అక్కడ్నే పెట్టి ఉరికొచ్చిన. పైకొచ్చి చూస్తే లేవు. అవ్వ కాడికి పోయినవనుకొని గేట్లకెళ్లి పోయిన."

"నేను లోపట ఉన్న. అత్తమ్మ చెయ్యి వట్టుకొని వదుల్తలేదు. బయటికే రాలే."

 లచ్చవ్వ బిందె గట్టు మీద పెట్టబోయి, పెట్టకుండా చంకలోనే ఉంచుకుంది.

"ఎవలు పిలిచిన్రో గని," అన్నాడు కాక చివరికి, "పిలిచి మంచిగ చేసిన్రు. ఇంకింత సేపు లోపటుంటే మేం నీ పీనుగను తాడేసి గుంజుడే అయితుండె."

ఆ రాత్రి కాకా లచ్చవ్వా మా ఇంట్లోనే ఉన్నారు. లచ్చవ్వ తెచ్చిన నీళ్లతో అత్తమ్మను తుడిచాం. తెల్లవారుజామున వాన పడింది. నలుగురం నిద్రపోలేదు. అత్తమ్మ మాత్రం హాయిగా పడుకుంది.

పొద్దున్నే టౌను నుంచి ఒక మెకానిక్కును పిలిపించాం. వెలుతురులో దీపం దించితే నీళ్ల దాకా వెలిగింది. అతను దిగి, అంతా చూసి, పైకొచ్చాడు. ఫీజు పెట్టి స్టార్టరు నొక్కాడు. చుక్క నీరు పోయలేదు. పైపు విప్పలేదు. వాల్వు ముట్టుకోలేదు. మోటరు గిర్రుమంది... ఊపిరి పీల్చినంతలో పైపులోంచి ధారగా నీళ్లు. చల్లగా, అద్దంలా.

"మీ మోటరుకు ఏం కాలేదక్క," అని నవ్వుకుంటూ పోయాడు.

రాత్రి వానకు ఊట పెరిగి వాల్వు దానంతట అదే కూర్చుందన్నారు ఒకరు. తాడు గుంజులాటకు అడ్డం పడ్డది వదిలిందన్నారు ఇంకొకరు. మా ఆయనతో పనిచేసేవాళ్లు, చెడు గాలి తగిలితే చెవుల్లో లేనిపోని మాటలు వినబడతాయన్నారు. ఆయనకు తగిలింది సరే. నేను గట్టు మీద ఉన్నాను కదా. నాకెలా తగిలింది? ఇద్దరం కలిసి పెరట్లో నిలబడి విన్న ఆ "ఆఁ" సంగతేంటి? మా కింద ఎక్కడో పాత బాయి సొరంగాలున్నాయని, మా మాటలే అందులో తిరిగి తిరిగి ఆలస్యంగా పైకొచ్చాయని కాక ఒకసారి అన్నాడు. కానీ నేను ఆయనను పైకి రమ్మని ఎప్పుడూ అరవలేదు. ఆయన నన్ను లైటు ఆర్పమని ఎప్పుడూ అనలేదు. అనని మాట ఎక్కడ తిరిగి వస్తుంది?

పాస్టరు గారు వచ్చి బావి దగ్గర ప్రార్థన చేశారు. లచ్చవ్వ ఆయన వెళ్లాక కొబ్బరికాయ కొట్టింది. నేను రెండింటికీ నిలబడ్డాను.

అత్తమ్మను అడిగాను. "ఏం చూసినవు అత్తమ్మా? ఎందుకు నన్ను వట్టుకున్నవు?" నా మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్లు మూసుకుంది.

పిలిచింది ఒక్కటే అనుకుంటే, అది మా ఆయనను బతికించింది. రెండనుకుంటే... ఒకటి ఆయనను పైకి పంపింది, ఇంకొకటి నన్ను దగ్గరికి పిలిచింది. ఇన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. ఏది ఏదో నాకు తేలలేదు. ఆ బావి నీళ్లే తాగుతున్నాం. వేరే నీళ్లు ఎక్కడున్నాయి? మీద ఇనుప జాలీ వేయించాం. మోటరును పైకి ఎత్తించి, లోపలికి దిగే పనిలేకుండా నీళ్లలో మునిగే మోటరు దింపించాం. మళ్లీ ఎప్పుడూ ఏమీ వినబడలేదు.

ఆ మరుసటి రాత్రి మాట చెప్పి ఆపేస్తాను. పక్కపక్కన పడుకున్నాం. లైటు ఆర్పలేదు. ఆయన కప్పు వైపు చూస్తూ అడిగాడు.

"నీతోని ఏమేం మాట్లాడింది?"

"తాడు అడిగింది. లైటు బందు చెయ్యిమన్నది."

"గంతేనా?"

"గంతే," అన్నాను.

తర్వాత నేనడిగాను. "నేను పిలిచిన అన్నవు గదా... పానా తెచ్చుకొమ్మన్న అన్నవు. ఇంకేమన్న మాట్లాడిన్నా నీతోని? బాయిల ఉన్నప్పుడు?"

 నిద్రపోయాడేమో అని తల తిప్పి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. తడిగా ఉన్నాయి.

"గంతే," అని అటు తిరిగి పడుకున్నాడు.